సిస్టరమ్మ, ఆమె కారు వేడి ముల్లు

మొన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఆఫీసు వదిలే వేళకు వాన పట్టుకుంది. మెట్రో మెట్లదాకా తడవడం ఇష్టంలేక క్యాబ్ పిలిచాను. వెనక సీటు ఎవరో తడిపి దిగిపోయారు, అందుకని ముందు కూర్చున్నాను. కూర్చోగానే నా కళ్ళు స్టీరింగు వెనక మీటర్ల మీదికి పోయాయి. ఇంజన్ వేడి చూపించే ముల్లు అట్టడుగున పడుకుని ఉంది. పొద్దుటినుంచీ ఊరంతా తిరిగిన బండి అది. ఆ ముల్లు ఇంకా నిద్రలేవలేదు.

"ఏంటండీ, ఈ ముల్లు పనిచేయడం లేదా?" అన్నాను.

"అదా మేడం, ఊకె పైకి పోతుండె. ఎందుకు పరేషాన్ అని వైరు పీకేసినం. ఇప్పుడు ఏ లొల్లి లేదు," అన్నాడు డ్రైవరు హాయిగా.

నాకు ఒళ్ళు మండింది. ఎల్బీనగర్ వచ్చేదాకా అతనికి క్లాసు పీకాను. ముల్లు పైకి పోతే ఎందుకు పోతోందో కనుక్కోవాలి గానీ దాని నోరు మూస్తారా, ఇంజన్‌లో నీళ్ళు అయిపోయాయని రేపు మీకు ఎవరు చెబుతారు, అని. అతను నావంక ఒకసారి అనుమానంగా చూసి, "మీరు మెకానిక్కా మేడం?" అని అడిగాడు. నేను కోచింగ్ సెంటర్లో అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చునేదాన్ని. ఇంజన్ ముందుంటుందని తప్ప నాకేం తెలుసు. ఆ తిట్లన్నీ నావి కావు, సిస్టరమ్మవి. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. నా నోట్లోంచి ఇంకా మాట్లాడుతూనే ఉంది.

ఆవిడ మలక్‌పేటలో ఒక దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. మా అపార్ట్‌మెంటులో కింద ఫ్లాటు. నల్లగొండ వైపు పల్లెటూరు, చర్చికి పోయే కుటుంబం. నర్సు ట్రైనింగుకని పట్నం వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. కూరగాయలబండి అతనికీ సిస్టరమ్మే, అపార్ట్‌మెంటు సెక్రటరీకీ సిస్టరమ్మే. మాది తెనాలి కావడంవల్ల నేను మొదట్లో 'సిస్టర్ గారూ' అన్నాను. "గారు గీరు ఎందుకమ్మా, గంత పొడుగు పిలిచేలోపల పేషెంటు పోతడు," అంది. అప్పట్నుంచీ నాకూ సిస్టరమ్మే.

ఆవిడ మాత్రం అందరినీ జబ్బుల పేర్లతో పిలిచేది. వాచ్‌మన్ బీపీ. సెక్రటరీగారు గ్యాస్ట్రిక్. నేను థైరాయిడ్. పొద్దున్నే నేను గేటు దగ్గర ఆటో కోసం చూస్తూంటే తన పాత కారు నా పక్కన ఆపి, "థైరాయిడ్, ఎక్కు," అనేది. నలుగురిలో అలా పిలుస్తుంటే మొదట్లో సిగ్గుపడ్డాను. తర్వాత తర్వాత ఆవిడ ఒకరోజు పిలవకపోతే ఏమైందోనని బెంగపడ్డాను.

పొట్టి మనిషి. రోడ్డు కనబడడానికి సీటు మీద మడిచిన దుప్పటి వేసుకుని కూర్చునేది. చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు. మగవాళ్ళ గడియారం, అదీ మణికట్టు లోపలివైపుకు తిప్పి. నాడి చూసేటప్పుడు అలా ఉంటేనే వీలట. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఎప్పుడూ ఒకటే జవాబు: "నైట్ డ్యూటీలు పడ్డయి, తీరలే."

కారు ఏసీ వేసేది కాదు. అద్దాలు దించుకుని, మూసారాంబాగ్ నుంచి కొత్తపేటదాకా కనబడ్డవాళ్ళనల్లా పలకరించుకుంటూ నడిపేది. బండి దిగగానే బానెట్ మీద చేతి వెనకభాగం ఆనించి చూసేది, పిల్లల నుదురు చూసినట్టు. "మంచిగనే ఉన్నది," అని అప్పుడు తాళం వేసేది. ఈ ఊళ్ళో ఎవరికీ లేని ఒక పిచ్చి కూడా ఉంది ఆవిడకు. ఇండికేటర్. మలుపు ఇంకా ఎంతో దూరం ఉండగానే వేసేది. సందులోంచి సందులోకి తిరిగేటప్పుడు, పార్కింగులోకి ఎక్కేటప్పుడు, వెనక పురుగు కూడా లేనప్పుడు సైతం వేసేది. పొద్దు వాలిందంటే చాలు, ఇంకా ఎండ గోడలమీద ఉండగానే లైట్లు వేసేది. ఎదుటివాళ్ళు "మేడం, లైటు లైటు" అని చేతులూపేవాళ్ళు. "తెలుసు నాయనా, నేనే ఏసిన," అని కిటికీలోంచి జవాబు చెప్పేది.

ఆ కారు మీద ఆవిడకు వల్లమాలిన ప్రేమ అని కాలనీ అంతా అనుకునేవారు. నేనొప్పుకోను. ఆవిడకు ఆ కారుతో పని ఉంది. సువార్తమ్మ అని చర్చిలో ఆవిడ స్నేహితురాలు, పక్క సందులోనే ఇల్లు. ఆమెకు కిడ్నీలు పోయాయి. మలక్‌పేటలో డయాలసిస్. పోయేటప్పుడు ఎలాగో పోయినా, అయిపోయాక ఆ గుంతల్లో ఆటోలో వస్తే ఆమెకు కళ్ళు తిరిగి వాంతులయ్యేవి. ఒకసారి ఆటోలోంచి జారి పడబోయింది. అప్పటినుంచి పోకా రాకా రెండూ సిస్టరమ్మ కారులోనే. వెనక సీట్లో దిండు పెట్టి, సూదులు గుచ్చిన చేతికింద తువ్వాలు పెట్టి, పెళ్ళికూతుర్ని తీసుకొస్తున్నట్టు మెల్లగా తీసుకొచ్చేది. కారు పోతే సువార్తమ్మ కూడా పోతుందని తెలుసు గనకే ఆవిడ ఆ కారును అలా పట్టుకుని ఉంది.

అలాంటి కారులో వేడి ముల్లు చెడింది.

చైతన్యపురి దాటి వస్తూంటే ఉన్నట్టుండి ముల్లు లేచి ఎర్రగీత దగ్గరకు పోయేది. ఆవిడ బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, దిగి, బానెట్ మీద చెయ్యి పెట్టేది. మామూలు వేడే. కాసేపాగి మళ్ళీ మొదలుపెడితే ముల్లు బుద్ధిగా మధ్యలో ఉండేది. మరో నాలుగు అడుగులు పోయాక మళ్ళీ లేచేది.

నాగోల్ రోడ్డులో యాదగిరి అని మెకానిక్ ఉన్నాడు. చెయ్యి మంచిదే, నోరే పెద్దది. అతను మొదట థర్మోస్టాట్ అని ఇంజన్‌లో నీళ్ళదారికి అడ్డంగా ఉండే బిళ్ళ ఒకటి తీసి పారేశాడు. "మన దగ్గర ఎండలకు గిది ఎందుకు మేడం, చలిదేశపోళ్ళకు కావాలె," అన్నాడు. ముల్లు లేవడం మాననే లేదు. తర్వాత రేడియేటర్ ఫ్యాను ఎప్పుడూ తిరిగేటట్టు డైరెక్ట్ చేశాడు. ఊళ్ళో ఏ మెకానిక్ అయినా అంతే, అర్థంకానిదల్లా డైరెక్ట్ చేసేస్తాడు. అయినా ముల్లు లేస్తూనే ఉంది. సెన్సారు కొత్తది వేశాడు. ఉహుఁ.

చివరికి, నేనూ వెంట వెళ్ళిన రోజున, అతను స్టీరింగు కిందికి చెయ్యిపెట్టి, "మేడం, ఇంజన్ మంచిగున్నది. ముల్లే బద్మాష్. వైరు పీకేస్త. అది పడుకుంటది, మీరు ఆరాంగ నడుపుకోండ్రి," అన్నాడు.

"చెయ్యి తియ్యి," అంది సిస్టరమ్మ.

"ఏమైంది మేడం?"

"నేను డ్యూటీల ఉన్నప్పుడు గిట్లనే ఒస్తుండిరి. ఇంట్ల పెండ్లి ఉన్నది, జరం తగ్గిందని రాయి సిస్టర్, డిశ్చార్జి చేస్తరు అని. నేను రాస్తె జరం తగ్గుతదా? అబద్ధం చెప్తున్నదంటే నిజం చెప్పేతట్టు చెయ్యి. నోరు మూపిచ్చుడు కాదు."

"అందరికి గట్లనే చేస్తున్న మేడం. ఒక్కరు గూడ అడగలే."

"నేను అడుగుతున్న."

యాదగిరికి అహం దెబ్బతింది. తనే బండి తీసుకుని నాగోల్ మెట్రో దాకా పోయి వచ్చాడు. ముల్లు కదల్లేదు. ఇంకోసారి పోయొచ్చాడు. కదల్లేదు. దిగి, చేతులు తుడుచుకుంటూ, "బండిల ఏం లేదు. మీరు నడుపుట్లనే ఉన్నది మేడం. లేడీస్ క్లచ్ మీదికెల్లి కాలు తియ్యరు, గందుకే గరమైతది," అన్నాడు. అక్కడ నిలబడ్డ ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. నేను నోరు తెరిచేలోపల సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని కారెక్కించింది. ఆవిడకు కోపం వచ్చిందంటే బూట్ల లేసులు విప్పి మళ్ళీ కట్టుకునేది. ఆ రోజు రెండు బూట్లవీ కట్టుకుంది.

ఆ వారమే గొడవ ముదిరింది. సాయంత్రం రద్దీలో దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు ముందు ముల్లు ఎర్రగీత దాటింది. వెనక సువార్తమ్మ ఉంది. ఈవిడ బండి ఆపేసింది. వెనక బస్సులు, ఆటోలు, హారన్లు, ట్రాఫిక్ పోలీసు. ఆవిడ దిగి బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉండగా ఎవడో వీడియో తీసి ఊరంతటికీ పంచాడు. అది తిరిగి తిరిగి ఆవిడ తమ్ముడి ఫోనులోకి వచ్చింది.

తమ్ముడికి కొత్తపేటలో ఫ్లెక్సీలు, పెళ్ళికార్డులు వేసే షాపు ఉంది. తండ్రి పోయాక ఊరినుంచి తీసుకొచ్చి చదివించి, పెళ్ళి చేసి, షాపు పెట్టించింది సిస్టరమ్మే. కారు నేర్పింది కూడా ఆవిడే, ఇదే కారు మీద. నెమ్మదస్థుడు, అక్క ముందు కుర్చీలో కూడా నిండుగా కూర్చునేవాడు కాదు. ఆ ఆదివారం మాత్రం చర్చి అయ్యాక నేరుగా వచ్చి నిండుగా కూర్చున్నాడు. బగారన్నం పెట్టించుకుందామని గిన్నెతో వెళ్ళిన నేను గుమ్మంలో ఇరుక్కుపోయాను.

"అక్కా, జర నా మాట ఇను. గిట్ల రోడ్డు నడిమిట్ల ఎన్ని రోజులు ఆపుతవు? షాపుకొచ్చినోళ్ళు నాకే చూపెడుతున్నరు వీడియో."

"మంచిగ కనవడుతున్ననా?"

"నవ్వులాట కాదక్కా. ఎనకకెల్లి బస్సు గుద్దితే ఏంది పరిస్థితి?"

"ముల్లు ఎర్రగీతకు పోతే ఆపకుంట ఏం చెయ్యాలె మరి?"

"అది ఉత్తదే అని యాదగిరి చెప్పిండు గదా. చూడకు."

"నేను చూడని నాడే అది నిజం చెప్తే? ఎనక సువార్తమ్మ ఉంటది."

"గందుకే అంటున్న. అసలు నడపకు. అమ్మేద్దాం. సువార్తమ్మకు నేను ఆటో మాట్లాడుత."

"ఆటోల దాని పానం ఎట్లైతదో నువ్వు చూసినవా?"

అతను ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ వేళ తగ్గే ఉద్దేశంతో రాలేదు. "నీకేమన్న అయితే నాకెవరున్నరక్కా," అని మెల్లగా అన్నాడు. ఆ మాటకు ఆవిడ ముఖంలో ఏదో కదిలింది. అది కనిపెట్టి వెంటనే అన్నాడు: "ఇంకొక్కసారి బండి రోడ్డు మీద ఆగిందనుకో. ఎందుకాగినా సరే. తాళం నా చేతుల పెట్టాలె. పెడ్తవా?"

"పెడ్త," అంది సిస్టరమ్మ.

ఆవిడ మాటంటే మాటే. ఇప్పుడు ముల్లు లేస్తే ఆపకూడదు, ఆపితే తాళం పోతుంది. ఆపకపోతే, ఆ ఒక్కసారీ ముల్లు చెప్పేది నిజమైతే, సువార్తమ్మను వెనక పెట్టుకుని నడిరోడ్డు మీద పొగలు కక్కే బండిలో ఉంటారు. ఇన్నాళ్ళూ ఆవిడ ముల్లు గురించి పట్టుబట్టడం నాకు కాస్త ముసలి చాదస్తంగానే కనిపించేది. అప్పుడర్థమైంది, ఆ ముల్లు నిజం చెబితే తప్ప ఆవిడకు బతుకు లేదని.

మర్నాడు ఆవిడ నన్ను ఆఫీసుకు సెలవు పెట్టించి మళ్ళీ యాదగిరి దగ్గరకు తీసుకుపోయింది. "నువ్వే నడుపు. నేను పక్కన కూసుంట," అంది అతనితో. నన్ను వెనక కూర్చోబెట్టింది. పొద్దు వాలే వేళ. నాగోల్ నుంచి ఎల్బీనగర్, అక్కణ్ణించి చైతన్యపురి. యాదగిరి ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో హారన్. ముల్లు మధ్యలో నిశ్చింతగా ఉంది. "చూసిండ్రా, చూసిండ్రా," అంటున్నాడు మాటిమాటికీ. సిస్టరమ్మ ముల్లును చూడడమే లేదు. అతని చేతుల్ని చూస్తోంది. పడుకున్న రోగి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే కూర్చుని, అతను ఏం ముడతాడో ఏం ముట్టడో చూస్తోంది.

చైతన్యపురి దగ్గర అతను కుడివైపు తిప్పాడు.

"ఇండికేటర్ ఎయ్యవా?" అంది.

"చెయ్యి చూపెడితె సరిపోతది మేడం."

"ఎయ్యి."

వేశాడు.

"లైట్లు గూడ ఎయ్యి."

"ఇంక ఎల్తురున్నది గదా మేడం."

"నేను నడిపేతట్టు నడుపు. లైట్లు ఎయ్యి."

వేశాడు. నేను వెనకనుంచి మెడ చాచి చూస్తున్నాను. ముల్లు కదిలింది. ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆ ముల్లు ఎర్రగీత వైపు నడిచిపోతూంటే నాకు ఈలవేయాలనిపించింది. యాదగిరి చెయ్యి హారన్ మీంచి దిగింది. "ఇప్పుడు బందు చెయ్యి," అంది. లైట్లు తీసేశాడు. ముల్లు దిగి వచ్చింది. మళ్ళీ వేయించింది. మళ్ళీ లేచింది.

"నా కాలు ఇక్కడున్నది, చూడు," అంది సిస్టరమ్మ తెల్లబూటు ఎత్తి చూపించి. "క్లచ్చు మీద లేదు."

అంతే సంగతి. ఆ పరిసరాల్లో బండ్లు బాగుచేసేవాళ్ళెవరూ ఇండికేటర్ వేయరు, పగలు లైట్లు వేయరు. అందుకే వాళ్ళెవరు నడిపినా ఆ కారు జబ్బు బయటపడలేదు. వేసే ఒక్క మనిషికీ నడపడం రాదన్నారు. పద్ధతిగా నడపడమే ఆవిడ చేసిన నేరమైంది.

మీటర్ల డబ్బా విప్పితే వెనక ఒక నల్లవైరు, యాదగిరి భాషలో ఎర్త్ వైరు, బాడీకి బిగించిన చోట తుప్పు పట్టి, ఊడీ ఊడకుండా వేలాడుతోంది. ముల్లుకూ లైట్లకూ కరెంటు తిరిగిపోయే దారి అదొక్కటేనట. లైట్లు వేయగానే ఆ దారి చాలక ముల్లు పైకి లేస్తుంది. యాదగిరి ఉప్పుకాగితంతో ఆ చోటు గీకి, కొత్త వైరు వేసి బిగించాడు. వేడి నీళ్ళు తెప్పించి, సెన్సారు విప్పి వైర్లతో సహా అందులో ముంచి, ముల్లు ఎంతవరకు లేస్తుందో చూపించాడు. లైట్లు వేసి చూపించాడు, తీసి చూపించాడు. ఇక అతనికీ పంతం వచ్చేసింది. నిజం చెప్పొద్దూ, అప్పుడు అతను నాకు నచ్చాడు.

"నువ్వు తీసిన బిళ్ళ గూడ పెట్టు," అంది సిస్టరమ్మ.

"అది లేకున్నా నడుస్తది మేడం."

"నీకు టాన్సిల్ లేకున్నా నడుస్తది. తీసెయ్యాల్నా?"

బిళ్ళ కూడా పెట్టాడు. ఫ్యాను డైరెక్ట్ తీసి మామూలుగా చేశాడు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ అన్ని లైట్లూ వేసుకుని, ఎల్బీనగర్ చౌరస్తాలో అవసరమున్నా లేకపోయినా ఇండికేటర్ కొట్టుకుంటూ నడిపింది. ముల్లు మధ్యలో నిలబడి ఉంది. "ఇప్పుడు ఇది మన మనిషి," అంది. ఆవిడ నవ్వగా నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

కథ అక్కడ ఆగితే బాగుండేది. ఎండాకాలం వచ్చింది. సువార్తమ్మ డయాలసిస్ పొద్దుటి వంతుకు మారింది. ఒక మధ్యాహ్నం సువార్తమ్మకు డయాలసిస్ అయ్యాక తీసుకొస్తూ, దిల్‌సుఖ్‌నగర్‌లో నన్ను కూడా ఎక్కించుకుంది. కొత్తపేట దాటాం. సువార్తమ్మ వెనక దిండు మీద తల వాల్చి నిద్రపోతోంది. సిస్టరమ్మ మాట్లాడుతున్నది చటుక్కున ఆపింది. ముల్లు లేస్తోంది.

లైట్ల స్విచ్చు చూసింది. వేసి లేదు. ఇండికేటర్ లేదు. ముల్లు లేస్తూనే ఉంది.

"ఇది నిజమే," అంది.

నాకు తమ్ముడి షరతు గుర్తొచ్చింది. "సిస్టరమ్మా, ఇంకెంత, రెండు మలుపులేగా. మన పార్కింగులోకి పోయి చూసుకుందాం. ఎవరికీ తెలీదు," అన్నాను.

"నాకు తెలుస్తది."

ఎడమవైపు ఇండికేటర్ వేసి, మెల్లగా పక్కకు తీసి, మెట్రో స్తంభం నీడలో ఆపేసింది. బానెట్ సందులోంచి ఆవిరి బుస్సుమంది. సువార్తమ్మ లేచి, "ఏమైందే?" అంటే, "బండికి జరమొచ్చింది, నువ్వు లేవకు," అంది. చాయ్ బండి అతన్ని కుర్చీ అడిగి, ఆమెను నీడలో కూర్చోబెట్టి, నీళ్ళు ఒక గుక్కే తాగించింది. డయాలసిస్‌వాళ్ళు ఎక్కువ తాగకూడదు. అప్పుడు ఫోను తీసింది. ముందు యాదగిరికి చేస్తుందనుకున్నాను. తమ్ముడికి చేసింది.

"బండి రోడ్డు మీద ఆగింది. రా."

ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి వచ్చారు. యాదగిరి బానెట్ ఎత్తి చూసి, నీళ్ళ పైపు చీలిపోయిందని చూపించాడు. "ఇంకొంచెం దూరం నడిపుంటే ఇంజనే పోతుండె మేడం. మల్ల బాగుచేసేది గూడ ఉండకపోతుండె. మంచిగ ఆపిండ్రు," అన్నాడు. తమ్ముడు ఆ మాట విన్నాడు. కుర్చీలో కళ్ళు మూసుకున్న సువార్తమ్మను చూశాడు. స్కూటరు మీద వచ్చేటప్పటి బింకం ముఖంలోంచి దిగిపోయింది.

"అయితే పోనీ అక్కా. గిది లెక్కల్లకు రాదు," అన్నాడు.

"ఎందుకాగినా సరే అన్నవా లేదా?"

"అన్న, గని..."

"చెయ్యి పట్టు."

"అక్కా, ఒద్దు."

"పట్టు."

పట్టాడు. ఆవిడ తాళం అతని అరచేతిలో పెట్టి, అతని వేళ్ళు తనే మూసింది. "ఎల్లుండి పొద్దుగాల సువార్తమ్మకు డయాలసిస్. తెల్లారేసరికి కింద ఉండు. తాళం ఎవరికాడ ఉంటె ఆళ్ళే నడపాలె," అంది. అతను షాపు సంగతేమిటని అడగబోయాడు. ఆవిడ అప్పటికే సువార్తమ్మను లేపి, పక్కన ఆగిన ఖాళీ క్యాబులోకి ఎక్కిస్తోంది.

అదంతా ఆవిడ ఎత్తు అని తర్వాత కాలనీలో చెప్పుకున్నారు. కాదు. నేను పక్కన కూర్చుని ఉన్నాను. ఇంటిదాకా ఆవిడ ఖాళీ అరచేయి చీర కుచ్చెళ్ళలో పెట్టుకుని కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. దిగాక బూట్ల లేసులు కూడా ముట్టుకోలేదు. తాళం మళ్ళీ వస్తుందని ఆవిడ అనుకోలేదు. ఇచ్చిన మాట కాబట్టి ఇచ్చేసింది. నాకు తమ్ముడి మీద, పైపు మీద, ముల్లు మీద, ఆవిడ మీద కూడా పట్టరాని కోపం వచ్చింది. ఆ మధ్యాహ్నం ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఏం పోయేదని పోట్లాడదామనుకున్నాను. ఆవిడ ముఖం చూసి మానుకున్నాను.

యాదగిరి పైపు మార్చిచ్చిన కారుతో, చెప్పిన రోజు తెల్లారేసరికి తమ్ముడు కింద ఉన్నాడు. మళ్ళీ వంతుకూ ఉన్నాడు, ఆ మరుసటి దానికీ ఉన్నాడు. సిస్టరమ్మ పక్కన కూర్చునేది. "మెల్లగ, గుంత." "బ్రేకు గట్ల తొక్కకు, దాని చెయ్యి నొస్తది." "ఎడమకు తిరుగుతున్నవు గదా, ఎవరికి చెప్పినవ్?" అతను చొక్కా తడిసి, మెడ బిగుసుకుపోయి తిరిగొచ్చేవాడు. ఒకరోజు మెట్ల దగ్గర నాకు కనబడి, అడక్కుండానే చెప్పాడు. డయాలసిస్ అయ్యేదాకా అక్క బల్లమీద కూర్చుంటుందనే అనుకున్నాడట ఇన్నాళ్ళూ. కూర్చోదట. ఎవరి మంచం పక్కన మనిషి లేకపోతే వాళ్ళ పక్కన నిలబడుతుందట. వచ్చేటప్పుడు దారిలో ఇంకెవరినైనా ఇంటిదగ్గర దింపాలంటుందట. "అందరు సిస్టరమ్మా సిస్టరమ్మా అంటరు. నన్ను సిస్టరమ్మ డ్రైవర్ అంటున్నరు," అన్నాడు. అంటూ నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

మరుసటివారం ఒక పొద్దున నేను పాలకని గేటు దగ్గరకు వెళ్ళాను. కారు స్టార్టయి ఉంది. వెనక సువార్తమ్మ, ముందు అక్కా తమ్ముడూ. బండి మాత్రం కదలడం లేదు. చూస్తూండగానే తమ్ముడు ఇంజన్ ఆపి, తాళం తీసి, అక్క ఒళ్ళో పెట్టాడు.

"నాతోటి కాదక్కా. నువ్వే నడుపు."

ఆవిడ తాళం ముట్టుకోలేదు. "మల్ల రోడ్డు మీద ఆగితే?"

"ఆగనియ్యి. నాకు ఫోన్ చెయ్యి, ఒస్త."

"ఒచ్చి తాళం అడుగుతవా?"

"అడుగ."

ఆవిడ తాళం తీసుకుంది.

"దిగు మరి. దీనికి టైమైతున్నది," అంది.

చనిపోవడానికి ముందటి వారందాకా ఆ బండి ఆవిడే నడిపింది. తాళం మళ్ళీ ఎవరూ అడగలేదు.